కుక్క వెనుక భాగము ఈడ్చుకొన్నంతనే పురుగుల మందేనా?

కుక్క నేలమీద కూర్చొని, ముందు కాళ్ళతో ఒళ్ళు లాగుకొంటూ, వెనుక భాగమును గచ్చుకు రాచుకొంటూ పోవుట కుక్కను పెంచిన ప్రతి ఇంటివారు ఏదో ఒకనాడు చూచే ఉంటారు. పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వుతారు. పెద్దలు "కడుపులో పురుగులు పడినవి" అని తేల్చివేస్తారు. ఆ సాయంత్రమే మందుల దుకాణమునుండి పురుగుల మాత్ర వస్తుంది. నాలుగు రోజులు మానినట్లే ఉండి మరల మొదలవుతుంది. మరల మాత్ర. మా ఇంట కూడ ఇట్లే జరిగినది గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పూనుకొన్నాను. విషయము కొందరికి అసహ్యముగా తోచవచ్చును. అయితే మొలలు, భగందరము వంటి రోగములను గురించి దాపరికము లేకుండ చదువుకొను పాఠకులకు ఇది అడ్డు కాదని నమ్ముతున్నాను.

మా బుజ్జి పొమేరియన్ జాతిది. అప్పటికి దానికి ఆరేండ్లు. పెరుగన్నము, పాలు, బిస్కెట్లు, ఇంటికి వచ్చినవారు ముద్దుకొద్దీ పెట్టు మిఠాయి తునకలు, ఇదే దాని భోజనము. కొంచెము బొద్దుగా ఉండుటచేత చూచినవారెల్లరు ఎత్తుకొనేవారు. దాని విరేచనము ఏనాడూ గట్టిగా ఉండేది కాదు. ఆ సంగతి మేము గమనించినాము గాని పట్టించుకొనలేదు. ఒక వేసవిలో ఈడ్చుకొనుట మొదలయినది. తోక మొదలు అదే పనిగా నాకుకొనుట, కూర్చున్నది ఉన్నట్టుండి ఉలికిపడి వెనుకకు తిరిగి చూచుట, తరువాత వాసన. కుళ్ళిన చేపల వాసన వంటిది. అది లేచిపోయిన చోట గచ్చుమీద గోధుమరంగు మరక. మా ఇంటావిడ దానిని పూజగది వైపు రానీయుట మానినది.

రెండు మార్లు పురుగుల మందు వేసినాము. ఎవరో చెప్పగా కొబ్బరినూనెలో కర్పూరము కరగించి పూసినాను. పూసినది నేనే. ముప్పది సంవత్సరములుగా ఇంటిల్లిపాదికి చిట్కాలు చెప్పువాడను నేనే గనుక నన్ను ఆపువారు ఎవరూ లేరు. అది ఆ నూనె నాకి రెండు మార్లు వాంతి చేసుకొన్నది. పదునొకండవ రోజు తెల్లవారుజామున మలద్వారమునకు ప్రక్కగా ఎర్రగా ఉబ్బి ఉన్న చోటు చిట్లి, రక్తముతో కలిసిన చీము కారినది. అంతకు ముందు రాత్రి అంతయు అది కూర్చొనలేక, పడుకొనలేక, గోడకు ఆనుకొని నిలుచునే ఉన్నది. అరవలేదు, మూలుగలేదు. మా మనుమరాలు రెండు మార్లు లేచి వచ్చి "తాతయ్యా, బుజ్జి ఎందుకు పడుకోవటం లేదు?" అని అడిగితే, ఎండకు చల్లదనము కోసము నిలుచున్నదని చెప్పి పంపినాను.

పశువైద్యుడు చూచి "ఎన్ని రోజులైంది మాస్టారూ?" అని మాత్రమే అడిగినాడు. ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఆయన ఆనాడు కాగితముమీద బొమ్మ గీచి చెప్పిన సంగతి ఇది. కుక్క మలద్వారమును గడియారపు ముఖముగా భావించినచో, నాలుగు గంటల చోటున ఒకటి, ఎనిమిది గంటల చోటున ఒకటి, చర్మము లోపల రెండు చిన్న తిత్తులు ఉంటవి. మలద్వారమును మూసి తెరచు లోపలి కండరమునకు, వెలుపలి కండరమునకు మధ్య అవి ఇమిడి ఉంటవి. వాటి గోడలలోని గ్రంథులు ఘాటైన వాసన గల ద్రవమును స్రవింపజేస్తవి. ఒక్కొక్క తిత్తికి సన్నని నాళము మలద్వారపు అంచున తెరచుకొంటుంది. మలము గట్టిగా, తగినంత లావుగా వచ్చునపుడు ఆ ఒత్తిడికి తిత్తి నొక్కుకొని కొద్దిపాటి ద్రవము వెలికి వస్తుంది. ఆ వాసనయే ఒక కుక్కకు మరియొక కుక్క పంపు చిరునామా. వీధిలో రెండు కుక్కలు ఎదురుపడినపుడు మొదట ఎక్కడ వాసన చూచుకొంటవో అందరికీ తెలిసినదే. మనము సిగ్గుపడి గొలుసు లాగుతాము గాని, అది వాటి పరిచయ విధానము.

జంతువు వెనుక భాగమున పుట్టు గంధమంతా అసహ్యమే అనుకొనుటకు వీలులేదు. తిరుమలలో శ్రీ వేంకటేశ్వరస్వామికి శుక్రవారము సమర్పించు పునుగు తైలము ఎక్కడిది? పునుగు పిల్లి మలద్వార ప్రాంతమున, తోక క్రింద ఉన్న గంధగ్రంథి నుండి వచ్చినదే. అది కుక్క తిత్తి వంటిదే అని చెప్పను. గ్రంథి వేరు, చోటు దగ్గరిది. ఒకదానికి చేతులు జోడించుచు మరియొకదానికి ముక్కు మూసుకొను మనము, కనీసము అది రోగమా స్వభావమా అని ఆలోచించవలెను గదా అనియే నా మాట.

ఇక చిక్కు ఎక్కడ వస్తుంది? మలము ఎప్పుడూ మెత్తగా, జావగా ఉన్నపుడు తిత్తిమీద ఒత్తిడి పడదు. ద్రవము లోపలనే నిలిచి చిక్కబడి ముద్దవలె అవుతుంది. నాళము పూడుకొనిపోతుంది. ఇది మొదటి దశ. ఈ దశలో కుక్క ఈడ్చుకొంటుంది, నాకుకొంటుంది. నిలిచిన దానిలో సూక్ష్మక్రిములు చేరి వాపు, నొప్పి కలుగుట రెండవ దశ. చీము గడ్డ కట్టి ప్రక్క చర్మమును చీల్చుకొని పగులుట మూడవది. మా బుజ్జి ఈ మూడును దాటుచుండగా నేను కర్పూరము నూరుతున్నాను. పొట్టి జాతులకు, స్థూలకాయమునకు, చర్మపు ఎలర్జీ గల కుక్కలకు ఈ బాధ ఎక్కువ. చెవులు తరచు దురదపెట్టుట, పాదములు కొరుక్కొనుట కూడ ఉన్నచో మూలము ఎలర్జీలో ఉండవచ్చును. అట్టి కుక్కకు తిత్తులు ఎన్ని మార్లు శుభ్రము చేసినను బాధ తిరిగి వస్తూనే ఉంటుంది. ఇదేమీ అరుదైన రోగము కాదు. లండనులోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు లక్షకు పైబడిన కుక్కల 2013వ సంవత్సరపు వైద్య వివరములను పరిశీలించి 2021లో ప్రచురించిన వ్యాసములో, ఆ ఒక్క ఏట నూటికి నాలుగింటికి పైగా ఈ బాధతో వైద్యుని వద్దకు వచ్చినవని తేలినది. చప్పిడి ముక్కు జాతులలో అది మరింత ఎక్కువ.

పురుగులు కారణము కానే కాదా అంటే, కొన్నిటికి అవును. బద్దె పురుగు తునకలు మలములోనో, తోక క్రింది వెండ్రుకలకు అంటుకొనియో బియ్యపు గింజలవలె, దోస గింజలవలె కనిపిస్తవి. కుక్క వంటిమీద గెంతులు వేయు సన్నని ఫ్లీ పురుగును కొరికి మ్రింగినపుడు ఇది సంక్రమిస్తుంది. కాబట్టి గింజలు కనిపించినచో పురుగుల మందుతో పాటు ఆ ఫ్లీలను కూడ వదిలించవలెను. ఏమీ కనిపించక, వాసన మాత్రము వస్తున్నచో తిత్తులనే అనుమానించవలెను. ఈ ఒక్క భేదము నాకు తెలిసి ఉంటే ఆ పది రోజులు వృథా అయ్యేవి కావు.

ఇప్పుడు అసలు చెప్పదలచినది. గృహవైద్యమునందు విశ్వాసము గల మనలో ఒక దురలవాటు ఉన్నది. మనకు పనిచేసిన చిట్కా మన ఇంటి కుక్కకు, పిల్లికి కూడ పనిచేస్తుందనుకొంటాము. "మూలికయే గదా, చెరుపు చేయదు" అంటాము. మన శాస్త్రకారులు ఎన్నడూ ఆ మాట అనలేదు. ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదము వేరుగా ఉన్నది. గుర్రములకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వేరుగా ఉన్నది. దేహము వేరు, ఆహారము వేరు, అగ్ని వేరు గనుక వైద్యమును వేరుగా చెప్పినారు. చరకసంహిత ఉండగా ఏనుగుకు వేరొక గ్రంథమెందుకని వారు అనుకొనలేదు. మనము మాత్రము వారిపేరే చెప్పుకొంటూ మనిషి చిట్కాను కుక్కకు పూస్తాము. ఇది ఆయుర్వేదము కాదు, సోమరితనము. నేనును ఆ సోమరులలో ఒకడనే.

కుక్క విషయములో కొన్ని వస్తువులు నిజముగా ప్రమాదకరములు. వెల్లుల్లి మనకు పథ్యమే, పురుగులకని పాలలో కాచి కుక్కకు పోయు ఇండ్లు ఎన్నో ఉన్నవి. వెల్లుల్లి, ఉల్లి రెండును కుక్క రక్తములోని ఎర్రకణములను పగులగొడతవి. ఎండుద్రాక్ష మలబద్ధకమునకు పిల్లలకు పెట్టునది; కుక్కకు మూత్రపిండములు చెడగొట్టును. కర్పూరము పూసినచో నాకుకొంటుంది. కడుపులోనికి పోయిన కర్పూరము వాంతులు, మోతాదు మించితే మూర్ఛలు తెస్తుంది. మా బుజ్జి రెండు వాంతులతో బయటపడుట దాని అదృష్టము, నా అదృష్టము. వాసన పోవునని ఫినాయిల్ కలిపిన నీటితో కడుగువారిని కూడ చూచినాను. ఆ లేత చర్మము కాలిపోతుంది. ఇక నొప్పి చూడలేక మనము వాడు ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు ముక్క చేసి వేయుట మరీ ఘోరము. కుక్క కడుపులో పుండ్లు పడుటకు, మూత్రపిండములు దెబ్బతినుటకు అవి చాలును. పసుపు విషము కాదు. కాని పగిలిన గడ్డమీద పసుపు ముద్ద మెత్తితే అది ఎండి అట్టకట్టి, లోపల ఏమి జరుగుతున్నదో వైద్యునికి కూడ కనిపించకుండ చేస్తుంది.

సుశ్రుతుడు వ్రణశోథమును గురించి చెప్పుచు, పక్వము కాని వాపును కోయువానిని, పక్వమైన దానిని ఉపేక్షించువానిని సమానముగా నిందించినాడు. గడ్డ పచ్చిగా ఉన్నదా, పండినదా అని గుర్తించుటకే సూత్రస్థానములో ఒక అధ్యాయము కేటాయించినాడు. ఇంటిలో బొటనవ్రేలితో గడ్డను నొక్కి పిండజూచువారు ఆ అధ్యాయమును తలచుకొనవలెను. చీము పట్టిన తిత్తిని బలముగా నొక్కితే అది లోపలికే పగిలి చుట్టుపక్కల కండలోనికి ప్రాకవచ్చును. నొప్పికి తాళలేని కుక్క, ఎంత సాధువైనను, కరుస్తుంది. అది దాని తప్పు కాదు.

మరి ఇంటిలో చేయదగినది ఏమీ లేదా? ఉన్నది. అది చాలవరకు వంటగదిలోనే ఉన్నది. మలము గట్టిపడి, లావై, ఒత్తిడితో రావలెనన్నచో పీచు కావలెను. తియ్య గుమ్మడికాయను ఉప్పు, కారము, పోపు లేకుండ ఉడికించి మెదిపి, చిన్న కుక్కకు ఒకటి రెండు చెంచాలు అన్నములో కలిపి పెట్టవచ్చును. ఇసబ్గోలు పొట్టు అర చెంచా నీటిలో నానబెట్టి కలుపుట మరియొక పద్ధతి. దానితోపాటు నీరు సమృద్ధిగా త్రాగకుంటే మేలుకు మారు మలబద్ధకము చేస్తుంది. పెద్ద జాతులకు మోతాదు పెరుగుతుంది, అది వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఉడికించిన క్యారెట్టు, బీన్సు కూడ మంచివే. బిస్కెట్లు, మిఠాయి పూర్తిగా మానవలెను. పాలు చాలా కుక్కలకు విరేచనమును పలుచన చేస్తవి. మా బుజ్జికి పాలు ఆపిన వారములోనే తేడా కనిపించినది. ఒళ్ళు తగ్గవలెనని పొద్దున, సాయంత్రము నడిపించుట మొదలుపెట్టినాము. నడిచినందువలన నా మధుమేహము కూడ కొంత అదుపులోనికి వచ్చినది. వైద్యుడు బలమునకు ఉడికించిన గ్రుడ్డు పెట్టమన్నాడు. మా ఇంట గ్రుడ్డు ప్రవేశించుట అదే మొదలు. దానికి వేరే గిన్నె, వేరే పొయ్యి, పెరటిలో వేరే చోటు ఏర్పాటు చేసి మా ఇంటావిడ ఆ ధర్మసంకటమును దాటినది.

కాపడము మన వైద్యములో స్వేదనము. గోరువెచ్చని నీటిలో శుభ్రమైన మెత్తని గుడ్డ తడిపి, మణికట్టు లోపలి వైపున వేడి చూచుకొని, వాచిన చోట పది నిమిషములు ఆనించి ఉంచుట, రోజుకు రెండు మూడు మార్లు. వైద్యుడు చెప్పినమీదట ఇది చేయవచ్చును. బుజ్జికి ఎక్కువ సుఖము ఇచ్చినది ఇదే. మొదటి రోజు గుర్రుమన్నది, మూడవ రోజుకు గుడ్డ చూడగానే వచ్చి నిలబడినది. అయితే కాపడము వైద్యమునకు తోడు మాత్రమే. పూడుకొనిన తిత్తిని చేతి తొడుగు వేసుకొని లోపలినుండి సున్నితముగా ఖాళీ చేయుట, కడుగుట, చీము పట్టినచో లోపల మందు వేసి క్రిమిసంహారకములు ఇచ్చుట, గడ్డను మత్తు ఇచ్చి కోసి శుభ్రము చేయుట పశువైద్యుని పని. నాకుకొనకుండ మెడకు గరాటు వంటిది తొడుగుతారు. అది చూచి పిల్లలు నవ్వినను తీయరాదు. ఊరిలో కుక్కలను చూచు వైద్యుడు లేడనువారు ప్రభుత్వ పశువైద్యశాలలో అడుగవచ్చును. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరము పశువైద్య కళాశాలల వైద్యశాలలలో కుక్కలను కూడ చూస్తారు.

ఇందుకు వ్యతిరేకమైన తప్పు ఒకటి ఈ మధ్య పట్టణములలో పెరుగుతున్నది. కుక్కలకు క్షౌరము, స్నానము చేయు దుకాణములలో, బాధ ఉన్నను లేకున్నను, ప్రతి నెలా ఈ తిత్తులను పిండుట స్నానముతోపాటు లెక్కలో వేస్తున్నారు. ఆరోగ్యముగా ఉన్న తిత్తి తనంతట తాను ఖాళీ అవుతుంది. దానిని అనవసరముగా మాటిమాటికి నొక్కితే నాళము వాచి, లేని రోగము రావచ్చును. బాధ లేని కుక్కకు ఆ పని వద్దని యజమాని స్పష్టముగా చెప్పవలెను. డబ్బిచ్చి చేయించుకొనునది గనుక మంచిదే అయి ఉండునని ఊరకొనరాదు. మాటిమాటికి తిరగబెట్టు బాధకు తిత్తులను శస్త్రచికిత్సతో తీసివేయుట కూడ ఉన్నది. కాని ఆ చోట మలమును నిలుపు నరములు, కండరములు ఉన్నవి. అవి దెబ్బతింటే కుక్కకు మలము ఆగదు. అందుచేత ఆహారము, ఎలర్జీ, బరువు అన్నీ సరిచూచిన తరువాతనే, చేయి తిరిగిన వైద్యుని వద్దనే ఆ మార్గము.

ముసలి కుక్కల విషయములో ఒక హెచ్చరిక. ఒక ప్రక్కనే గట్టి కంతి తగులుట, అది నొప్పి లేకుండ మెల్లగా పెరుగుట, దానితోపాటు కుక్క మామూలుకంటె ఎక్కువ నీరు త్రాగి ఎక్కువ మూత్రము పోయుట ఉన్నచో, అది ఈ తిత్తి గ్రంథులలో పుట్టు కాన్సరు కావచ్చును. రక్తములో కాల్షియము పెరుగుటచేత ఆ దాహము. పైకి ఏమీ కనిపించక, వ్రేలితో పరీక్షించినపుడే దొరకు కంతులు కూడ ఉంటవి. ఎనిమిదేండ్లు దాటిన కుక్కకు ఏటా టీకా వేయించునపుడు ఈ పరీక్ష కూడ చేయుమని అడుగుట మంచిది. అడుగుటకు సిగ్గుపడవలసినది లేదు. అల్సేషియన్లలో మలద్వారము చుట్టూ రంధ్రములు పడి చీము కారు వేరొక రోగము ఉన్నది, మన భగందరము వంటిది. దానికి వైద్యమే వేరు. ఈ భేదములను గుర్తించుట ఇంటివారి పని కాదు.

మా బంధువులలో ఒకాయన, బుజ్జి వాసన వచ్చిన రోజులలో, "ఊరి బయట వదిలేయండి బావగారూ, దాని బ్రతుకు అది బ్రతుకుతుంది" అని సలహా ఇచ్చినాడు. మంచివాడే, మా మీద జాలితోనే అన్నాడు. ఆరేండ్లు పెరుగన్నము తిని, మెత్తని పరుపుమీద పడుకొన్న పొమేరియన్ ఊరి బయట బ్రతుకదు. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును వదిలివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము కూడ. ఆనాడు నేను కోపపడలేదు. నిజము చెప్పవలెనన్నచో, ఆ వాసన మధ్య, నిద్ర లేని రాత్రుల తరువాత, ఆ మాట నా మనస్సులో కూడ ఒక్క క్షణము నిలిచినది. గోడకు ఆనుకొని నిలుచున్న దానిని చూచిన తరువాత పోయినది. వాసన కుక్క గుణము కాదు, చికిత్స చేయవలసిన రోగలక్షణము. తిత్తి ఖాళీ అయిన మరునాటికే మా ఇంట ఆ వాసన లేదు.

బుజ్జికి గాయము మానుటకు మూడు వారములు పట్టినది. ఆ తరువాత ఒక్కసారి, దీపావళికి ఎవరో లడ్డూ పెట్టినపుడు, మరల ఈడ్చుకొన్నది. ఈసారి మరునాడే తీసుకొని వెళ్ళినాము. వైద్యుడు రెండు నిమిషములలో పని ముగించి పంపినాడు. ఇప్పుడు దానికి తొమ్మిదేండ్లు. గుమ్మడికాయ తరుగునపుడు దానికొక ముక్క వేరుగా పెట్టుట మా ఇంటావిడకు అలవాటైపోయినది. మధ్యాహ్నములందు అది మరల పూజగది గడప దగ్గరే పడుకొంటున్నది.